తుడిచినంత మేర

వానాకాలంలో కారత్తకి రెండు పూటలా పని. పొద్దున ఏడున్నరకి ఒకసారి, సాయంత్రం ఐదున్నరకి ఒకసారి. టీ తాగిన గ్లాసు కడిగి బోర్లించి, మెత్తటి బట్ట, గుండుసూది, చిన్న సీసాలో వెనిగర్ కలిపిన నీళ్ళు పట్టుకుని, రెయిన్‌కోటు వేసుకుని సందు మొదట్లో ఉన్న కారు దగ్గరికి వెళుతుంది. వైపర్ చేతులు రెండూ పైకెత్తి, రబ్బరు అంచుని ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే వైపుగా తుడుస్తుంది. బట్టకి నలుపు అంటినంతసేపూ తుడిచి, అంటడం మానాక ఆపుతుంది. అద్దం మీదికి నీళ్ళు చిమ్మే చిన్న రంధ్రాల్లో గుండుసూది పెట్టి మట్టి తీస్తుంది. తర్వాత చేతుల్ని అద్దం మీదికి మెల్లిగా దించుతుంది. వదిలేస్తే టప్పున వచ్చి పడతాయని, అద్దం చిట్లుతుందని ఆమెకి భయం.

అప్పుడు లోపల కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేస్తుంది. ఇంజన్ ఆన్ చెయ్యకుండా వైపర్ వేస్తే బ్యాటరీ దిగిపోతుంది. ఎడమచేతి కింది లీవర్ ఒక్క మెట్టు దించుతుంది. ఇరవై నిమిషాలు. అంతకన్నా ఎక్కువసేపు వేస్తే మోటారు వేడెక్కుతుంది.

ఆ ఇరవై నిమిషాల్లో, అద్దం మీద తుడిచినంత మేరలోంచి ఎంత వీధి కనిపిస్తే అంత వీధిలో వాన ఆగిపోతుంది. పొద్దున తుడిస్తే సాయంత్రం దాకా రాదు. సాయంత్రం తుడిస్తే తెల్లారేదాకా రాదు. సందులో పదకొండు ఇళ్ళున్నాయి. పది అద్దంలో పడతాయి. ఆ పది ఇళ్ళవాళ్ళు కుర్చీలు, బట్టలు, సైకిళ్ళు ఆరుబయటే ఉంచుకుంటారు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ పైకప్పు బాగు చేయించుకోలేదు. కారు మాత్రం వానలోనే నానుతుంది. తన అద్దంలో తాను కనిపించదు కదా.

కారత్తకి డెబ్బై మూడేళ్ళు. నర్సుగా చేసి రిటైరైంది. మోకాళ్ళ వల్ల కారు నడపడం మానేసి ఆరేళ్ళయింది. మేనల్లుడు ఒక్కడే ఉన్నాడు. యాభై ఏళ్ళవాడు, కార్లకి వైరింగ్ పని చేస్తాడు. అతను అత్తా అని పిలవడం విని సందు సందంతా కారత్త అనడం మొదలుపెట్టింది.

కారు లోపల ప్రతి స్విచ్ కిందా చీటీ అంటించి ఉంటుంది, కారత్త గుండ్రటి అక్షరాలతో. "ఇది హెడ్‌లైట్లు. దిగేముందు ఆపు." "ఇది అద్దం మీద ఆవిరి పోవడానికి." "ఇది నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి. జోలికి పోకు." మేనల్లుడు వచ్చినప్పుడల్లా ఆ చీటీలు పైకి చదివి నవ్వేవాడు.

"అత్తా, బ్రేక్ మీద రాయలేదేం? 'ఇది తొక్కితే ఆగును' అని."

"నీ నోటి మీద రాస్తా రా, ఇటు రా."

నవ్వులాటగానే ఉండేది. ఈ ఏడు వానల మొదట్లో ఒక రోజు దాకా. ఆ పొద్దున కారత్త టీ తాగింది, గ్లాసు బోర్లించింది, వెళ్ళి మంచం మీద కూర్చుంది. అంతే. పది గంటలకి సందులో ఉండే దర్జీ వచ్చి తలుపు కొట్టాడు. అతని వరండాలో కుట్టిన బట్టల మూట తడిసి ముద్దయింది. సందంతా బురద.

"ఒంట్లో బాగాలేదా అత్తా?"

"బాగానే ఉంది. మర్చిపోయా."

"పర్లేదులే అత్తా," అన్నాడు దర్జీ. ఆ రోజు అందరూ అదే అన్నారు. ఎవరైనా ఒక్కరు తిట్టి ఉంటే కారత్తకి మధ్యాహ్నం అన్నం సహించేది. మర్నాడు తలుపు లోపలివైపు పెద్ద చీటీ అంటించింది. "కారు."

అద్దంలో పడని ఆ ఒక్క ఇల్లు జిగురక్కది. ఎడమవైపు చివర, వైపర్ అందని పైమూలలోకి పోయింది. జిగురక్క పుస్తకాలు బైండు చేస్తుంది. యాభై దాటాయి, ఒక్కతే ఉంటుంది. ముందుగది నిండా అట్టలు, దారాలు, ఇనుప ప్రెస్సు, జిగురు గిన్నెలు. నవ్వినా తిట్టినా చేతిలో బ్రష్షు ఉంటుంది.

"సందు మొత్తానికి గొడుగు కొనేదాన్ని నేనొక్కదాన్నే," అనేది. "కొట్టతను నన్ను చూస్తే లేచి కుర్చీ వేస్తాడు."

కారు కాస్త అటు తిప్పొచ్చు కదా అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. తిప్పడానికి లేదు. అటు కరెంటు స్తంభం, ఇటు కుళాయి దిమ్మ. వాటి మధ్య కారు ఒక్క తీరుగానే పడుతుంది. ఒకసారి మేనల్లుడు ఎడమవైపు పొట్టి బ్లేడు తీసేసి, రెండు వైపులా పొడుగు బ్లేడ్లే వేసి చూశాడు. నడిమధ్యలో రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుని ఇరుక్కున్నాయి, ఫ్యూజు పోయింది. ఆ పూట పదకొండు ఇళ్ళూ తడిశాయి. జిగురక్కే వచ్చి, "వద్దు బాబూ, నా ఒక్కదాని కోసం ఊరిని ముంచకు," అంది.

ఈ ఏడు జిగురక్కకి లైబ్రరీ నుంచి మూడువందల పాత పుస్తకాలు వచ్చాయి. నెలాఖరుకి ఇవ్వాలి. పోయినేడు ఇచ్చిన వంద పుస్తకాలు చెమ్మకి అట్టలు వంకర పోయాయి. ఈసారి కూడా అలాగే అయితే ఇంకెవరికైనా ఇచ్చుకుంటామని లైబ్రేరియన్ మర్యాదగానే చెప్పాడు. లైబ్రరీ తప్ప ఆమెకి వేరే పనిచ్చేవాళ్ళు లేరు. అన్నయ్య ఫోన్ చేసి, వెనకగది ఖాళీ చేయించాను, ప్రెస్సు అమ్మేసి వచ్చెయ్యి అన్నాడు.

"అక్కడ ఏం చేస్తావే?" అని అడిగింది కారత్త.

"వదిన చెప్పింది చేస్తా. ఆవిడ కూరగాయలు నాచేత తరిగిస్తుంది, మళ్ళీ ముక్కలు పెద్దగా ఉన్నాయని తనే తరుగుతుంది. పొద్దు గడిచిపోతుంది."

తర్వాత ముసురు పట్టింది. జిగురక్క గదిలో జిగురు మూడు రోజులైనా చేతికి అంటుకుంటూనే ఉంది. అదే వారంలో కారత్త వైపర్ రబ్బరు చిరిగింది. అద్దం మీద సన్నటి నీటి గీత మిగిలిపోయింది. సందులో కూడా అంతే, ఒక్క గీతలో వాన పడుతోంది, సరిగ్గా దర్జీ గుమ్మం మీద.

"అత్తా, లోపలికి రావాలంటే దూకాల్సొస్తోంది," అన్నాడు దర్జీ.

మేనల్లుడు కొత్త బ్లేడ్లు పంపించాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బ్లేడ్లు మార్చడం కారత్తకి కొత్త కాదు. అయినా ఈ మధ్య తన చేతుల్ని తను నమ్మడం లేదు. సాయంత్రం కారులో కూర్చుని, స్టీరింగ్ పక్కనున్న పాత చీటీ రెండుసార్లు చదువుకుంది. "పొడుగుది కుడికి, పొట్టిది ఎడమకి." కిందికి దిగి, తలుపు వేసి, కారు ముందుకొచ్చి, అద్దానికి ఎదురుగా వానలో నుంచుంది.

"పొడుగుది కుడికి," అనుకుంటూ తన కుడిచేతి వైపు పొడుగు బ్లేడు పెట్టింది. క్లిప్పు టక్కుమంది. "పొట్టిది ఎడమకి." అదీ టక్కుమంది. కారుకి ఎదురుగా నుంచున్న మనిషి కుడి, కారుకి ఎడమ అవుతుందని ఆ నిమిషంలో ఆమెకి తట్టలేదు.

లీవర్ దించింది. ఎడమవైపు పొడుగు బ్లేడు అద్దం అంచు దాకా ఎగబాకి, ఇన్నేళ్ళుగా ఎవరూ తుడవని మూలని తుడిచింది. అందులో ఒక ఇంటి పైకప్పు కనిపించింది, పచ్చగా నాచు పట్టి. అది ఎవరిదో కారత్తకి వెంటనే తెలియలేదు. కుడివైపు అంచున జానెడు మేర నీళ్ళు అలాగే ఉండిపోయాయి. కొత్త రబ్బరు ఇంకా కుదురుకోలేదనుకుంది.

జిగురక్క జిగురు గిన్నె కడగడానికి బయటికొచ్చింది. అలవాటుగా గొడుగు విప్పింది. నాలుగడుగులు నడిచి ఆగింది. గొడుగు మీద చప్పుడు లేదు. పక్కకి వంచి పైకి చూసింది. మూసేసింది. గిన్నె కడక్కుండానే లోపలికి వెళ్ళి ముందుగది కిటికీలు నాలుగూ తెరిచింది.

కారత్త ఇల్లు కుడివైపు మొదటిది. ఆమె ఇంటికొచ్చేసరికి మంచం మీద ధారగా నీళ్ళు పడుతున్నాయి. ఇరవై ఏళ్ళుగా సర్దని పెంకులు మరి. బకెట్టు, గిన్నెలు, చివరికి టీ గ్లాసు కూడా పెట్టింది. తలుపు మీది చీటీలో సిరా కారి "కారు" అన్న మాట మరకైపోయింది.

మర్నాడు పొద్దున్నే మేనల్లుడు వచ్చి, కారు చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"అత్తా! తారుమారు చేసేశావు!"

"చీటీ చూసే పెట్టానురా."

"చీటీ కూర్చుని రాశావు. బ్లేడ్లు నుంచుని పెట్టావు."

కారత్త ఒకసారి సీటు వైపు, ఒకసారి బోనెట్ వైపు చూసింది. మర్చిపోవడం వేరు. మర్చిపోకూడదని రాసుకున్నది చదివి, అది చేసి కూడా తప్పడం వేరు.

"దానికంత మొహం ఎందుకు పెడతావు? రెండు నిమిషాల పని," అని మేనల్లుడు వైపర్ చెయ్యి పైకెత్తాడు.

జిగురక్క గుమ్మంలో నుంచుని ఉంది, బ్రష్షు పట్టుకుని. బ్రష్షు నుంచి జిగురు బొట్టు గడప మీద పడింది. ఆమె చూసుకోలేదు.

"ఎన్ని ఆరాయే?" అని అరిచింది కారత్త.

"ఈ ఒక్క పూటలో నలభై."

"ఇంకా ఎన్ని?"

"రెండువందల అరవై."

కారత్త కాసేపు లెక్క కట్టి, లెక్క తప్పి, మానేసింది. "చెయ్యి దించరా. మెల్లిగా, వదిలెయ్యకు."

"మరి నీ ఇల్లు? లోపల ఈత కొడతావా?"

"నా ఇంట్లో ఆరాల్సిందేముంది? నేనొక్కదాన్నే."

జిగురక్క గడప దిగి వచ్చింది. "ప్రెస్సు పక్కన మంచం పడుతుంది," అంది. "వాసన ఓర్చుకుంటానంటే రా. నాకు మాత్రం ఈ రెండు చేతులు చాలవు, నువ్వు ఊరికే కూర్చుంటానంటే ఒప్పుకోను."

మేనల్లుడూ దర్జీ కలిసి మంచం మోశారు. కారత్త కాయితాలు వరసపెట్టి ఇచ్చేది, జిగురక్క కుట్టేది. నంబరు తప్పితే, "నలభై రెండు తర్వాత నలభై నాలుగా?" అనేది జిగురక్క తలెత్తకుండా. కారత్త మార్చేది. ఏడున్నరకీ ఐదున్నరకీ ఇద్దరూ కలిసే కారు దగ్గరికి వెళ్ళేవాళ్ళు. కొన్నిసార్లు కారత్త తాళం చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయేది. పక్కసీట్లోంచి జిగురక్క లీవర్ వైపు గడ్డం ఎగరేసేది.

నెలాఖరున లైబ్రేరియన్ పుస్తకాలు బల్ల మీద పరిచి, ఒక్కొక్కటే కంటికి ఎదురుగా పట్టి చూశాడు. అట్టలన్నీ తిన్నగా ఉన్నాయి. వచ్చే విడత నాలుగువందలన్నాడు. జిగురక్క అన్నయ్యకి ఫోన్ చేసి, వెనకగదిలో ఇంకేదైనా పెట్టుకోమంది.

వానలు వెనకబట్టాక మేనల్లుడు బ్లేడ్లు తిరిగి మార్చేద్దామని పానా పట్టుకుని వచ్చాడు. కారత్త పాత ఇంటి తలుపు తీసి చూశాడు. లోపల గోడ వారగా గడ్డి మొలిచింది. మళ్ళీ మూసేశాడు. కారు దగ్గరికెళ్ళి, ఎడమవైపు పొడుగు బ్లేడుని వేలితో ఒకసారి నిమిరి, పానా జేబులో పెట్టుకున్నాడు.

"రబ్బరు బాగానే ఉంది, ఇంకో ఏడు వస్తుంది," అన్నాడు జిగురక్క గుమ్మంలోకి వచ్చి.

కారత్త కాయితాల దొంతరలోంచి తలెత్తింది. "నేను టీ తాగానా?" అని అడిగింది.

"రెండుసార్లు," అంది జిగురక్క, దారం పళ్ళతో కొరుకుతూ.

"అయితే మూడోది పెట్టు. వాడు కూడా తాగుతాడు."