కాంతాల్ కొండ మీద ఆఖరి పాలతొట్టి

నేను ఒక పాలతొట్టిని. చెక్కతొట్టిని. పద్దెనిమిది చెస్ట్‌నట్ పలకలు, నాలుగు ఇనుప పట్టీలు, అటూ ఇటూ రెండు చెవులు. ఇంతే నా ఒళ్ళు. చెవుల్లోంచి కర్ర దూర్చి ఇద్దరు భుజాన వేసుకుంటే వంద లీటర్ల పాలతో బయల్దేరతాను. నన్ను హత్య చేసిన మనిషి పేరు నాకు తెలుసు. ఆ సంగతి ఆ మనిషికి ఇప్పటికీ తెలియదు.

ముందు నా ఊరు చెప్పాలి. ఫ్రాన్సు నడిమధ్యలో కాంతాల్ కొండలున్నాయి. ఒకప్పుడు అదంతా ఒకే ఒక్క అగ్నిపర్వతం. లక్షల ఏళ్ళ కిందటే చల్లారిపోయింది. మధ్యలో శిఖరాలు, వాటి చుట్టూ బండిచక్రపు ఆకుల్లా విడిపోయిన లోయలు. నల్లటి రాయి, నల్లటి మట్టి, దాని మీద మోకాలి ఎత్తు గడ్డి. ఆ గడ్డి తప్ప అక్కడ ఏదీ మనసుపెట్టి పండదు. ఆరు నెలలు మంచు. అందుకే తిండి చాలని మగవాళ్ళు తరతరాలుగా కొండ దిగిపోయారు. కొందరు స్పెయిన్ వెళ్ళి గిన్నెలమ్మారు. కొందరు పారిస్‌లో నీళ్ళు మోశారు, బొగ్గు మోశారు, చివరికి కాఫీ హోటళ్ళు పెట్టారు. మా కొండ ఎగుమతుల్లో చీజ్‌ది రెండో స్థానం. మొదటి స్థానం మనుషులది.

ఉండిపోయినవాళ్ళు వేసవిలో ఆవులను తోలుకుని పైకి వెళ్ళేవారు. అక్కడ రాతిపలకల కప్పుతో, సగం కొండలోకి దూరి కూర్చున్న గుడిసెలుంటాయి. బురాన్ అంటారు. మే నెల నుంచి అక్టోబరు దాకా అక్కడే మకాం. అక్కడే పాలు పితకడం, అక్కడే చీజ్ చెయ్యడం. మా ఎర్రావులు మహా పెంకివి. పక్కన సొంత దూడ లేకపోతే చుక్క పాలు వదలవు. దూడను తల్లి ముందుకాలికి కట్టి, దాని వీపు మీద గుప్పెడు ఉప్పు చల్లాలి. తల్లి ఆ ఉప్పు నాకుతూ మైమరచిపోతుంది. అప్పుడు పితుక్కోవాలి.

నేను పుట్టింది 1926లో. ఆ సంవత్సరం మా కొండ మీద పన్నెండు బురాన్లు పొగ వదులుతున్నాయి. నన్ను కొనుక్కున్న మనిషి కొత్త తొట్టిలో వెంటనే పాలు పొయ్యలేదు. పక్క బురాన్‌కి వెళ్ళి, వాళ్ళ పాత తొట్టిలో చీజ్ తీయగా మిగిలిన తేటనీళ్ళు ఒక బిందెడు అడిగి తెచ్చాడు. వాటితో నా లోపలంతా తడిపి, రెండు రోజులు ఊరనిచ్చాడు. అది అక్కడి ఆచారం. మీరు పెరుగుకి తోడు వేస్తారే, అలాంటిదే. తేడా ఒక్కటే. ఆ రోజు తరవాత ఎవరూ నాలో తోడు వెయ్యలేదు. నా చెక్కే తోడు. లోపలివైపు వేలితో రాస్తే జిగటగా తగిలే సన్నటి పొర, అదే నా ప్రాణం. పాలు నన్ను తాకిన క్షణం నుంచే చీజ్ కావడం మొదలయ్యేవి. పని అయ్యాక చల్లటి నీళ్ళతో ఒక్కసారి తొలిపి బోర్లిస్తారు. అంతకుమించి ఎవరూ ఏమీ చెయ్యరు. ఎందుకు చెయ్యకూడదో ఎవరూ ఎవరికీ చెప్పరు.

అలా చెప్పకపోవడమే కొంప ముంచింది.

1978 నాటికి నా యజమాని ఒదిలోన్. మొదట నన్ను కొన్న మనిషి కొడుకు. అరవై ఆరేళ్ళు, మాట తక్కువ, మీసం ఎక్కువ. అతని కూతురు లియోనీ పట్నంలో ఆసుపత్రిలో పదేళ్ళు పనిచేసింది. భర్త పోయాక ఆ వేసవి మొదటిసారి తండ్రికి సాయంగా కొండెక్కింది. పన్నెండు బురాన్లలో అప్పటికి మిగిలింది మా ఒక్కటే. మిగతావాళ్ళ పాలను కింద రోడ్డు మీద ట్యాంకర్ ఎత్తుకుపోతోంది.

జూన్‌లో ఒకరోజు కొండ యజమాని టూర్నాద్ర్ ఆయాసపడుతూ పైకి వచ్చాడు. చేతిలో ఉత్తరం.

"ఒదిలోన్, పరిశుభ్రత శాఖవాళ్ళు వస్తున్నారు. శుక్రవారం."

"రానివ్వండి మెస్యే. ఆవులకి కొత్త మొహాలంటే సరదా."

"నీ జోకులు తరవాత. మాంసం పశువుల బేరగాడు నా గుమ్మం వదలడం లేదు. దూడలు మేపుకుంటాడట, పాలూ వద్దు, మనిషీ వద్దు. ఈ వేసవి చీజ్ బాగుంటే కొండ కౌలు నీదే. చెడిందా, వచ్చే ఏడు వాడిది. ముందే చెబుతున్నాను."

"నలభై ఏళ్ళలో నా చీజ్ ఎప్పుడైనా చెడిందా?"

"లేదు. అందుకే ఇంకా ఇక్కడున్నావు."

ఒదిలోన్ నవ్వాడు. లియోనీ నవ్వలేదు. ఆమె చూపు గోడలు, నేల, సాలెగూళ్ళు అన్నీ తిరిగి వచ్చి నా మీద ఆగింది. నా లోపల వేలుపెట్టి రాసింది. జిగట. ముఖం చిట్లించింది.

గురువారం ఉదయం పాలు పితికాక ఒదిలోన్ ఉప్పు కోసం గాడిదతో కిందికి దిగాడు. సాయంత్రం దాకా రాడు. లియోనీ కాగులో నీళ్ళు మరిగించింది. తన సంచీలోంచి ఒక సీసా, ఇనుప తీగల బ్రష్షూ తీసింది. బ్లీచింగ్ నీళ్ళు. ఆసుపత్రిలో నేర్చుకున్న పని. గుండెలదాకా నాలోకి వంగి మూడు గంటలు తోమింది. తోముతూ పాడుకుంది. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. తండ్రి కొండను కాపాడుతున్నానని ఆమె నమ్మకం. అరవడానికి నాకు నోరు లేదు. యాభై రెండేళ్ళ ప్రాణం తెల్లటి నురగై గుమ్మం దాటి గడ్డిలోకి పోయింది.

సాయంత్రం ఒదిలోన్ వచ్చాడు.

"చూడు నాన్నా! కొత్తది కొన్నట్టు లేదూ? ఇప్పుడు రమ్మను ఆ పరిశుభ్రతవాళ్ళని!"

ఆయన నా దగ్గరకు వచ్చి తల లోపలికి పెట్టాడు. ఆయన ముఖం నాకు జానెడు దూరంలో ఉంది. ఒక్కసారి వాసన పీల్చాడు. అంతే, అర్థమైపోయింది. కళ్ళు మూసుకున్నాడు. ఆ తల అంతసేపు నాలోనే ఎందుకుందో లియోనీకి తెలియలేదు.

"ఏంటి నాన్నా? ఇంకా మురికుందా?"

"లేదు తల్లీ." తల బయటికి తీశాడు. బొబ్బలెక్కిన ఆమె చేతులు చూశాడు. "చాలా శుభ్రంగా ఉంది. ఆ చేతులకి కాస్త వెన్న రాసుకో."

శుక్రవారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కుర్రాడు, బూట్లు కొత్తవి. ఊట నీళ్ళు సీసాలో పట్టుకున్నాడు, పొయ్యి పొగ గొంతులో పడి దగ్గాడు, కాగితం నింపాడు. లియోనీ ఉండబట్టలేకపోయింది.

"తొట్టి చూడరా?"

"చెక్కదా?" అతను కాగితం అటూ ఇటూ తిప్పాడు. "నా దాంట్లో స్టీలు తొట్లకే గడి ఉందమ్మా. చెక్కతొట్టికి గడి లేదు. నేను వచ్చింది నీళ్ళ కోసం." ఒక గ్లాసు వైన్ తాగి దిగిపోయాడు.

మర్నాడు ఉదయం పని కాగానే ఒదిలోన్ ఖాళీ సీసా కోటులో పెట్టుకున్నాడు.

"ఎక్కడికి నాన్నా?"

"ఒక ఆవు దారి తప్పింది. వెతికొస్తా."

ఆవులన్నీ గుమ్మం ముందే ఉన్నాయి. ఆమె లెక్కపెట్టలేదు. ఆయన వెతకబోయింది తేటనీళ్ళు. ఎక్కడైనా బతికున్న తొట్టి ఒకటి ఉంటే, ఒక్క సీసాడు చాలు, నేను మళ్ళీ లేస్తాను. చీకటిపడే వేళకు తిరిగొచ్చాడు. గోడ పక్కన కూలబడి, నాతోనో తనతోనో అన్నాడు: "పదకొండు గుడిసెలూ చూశాను. కప్పులు కూలిపోయాయి. తొట్లన్నీ ఎవరో పొయ్యిలో పెట్టుకున్నారు. శిఖరం అవతలివాళ్ళకి స్టీలొచ్చింది. తోడుకి పొట్లాల్లో వచ్చే పొడి వేస్తారట." సీసా ఖాళీగానే ఉంది.

పాలు ఎవరి కోసమూ ఆగవు. రోజుకు రెండుసార్లు నాలో పోస్తూనే ఉన్నారు. నా ఉత్త చెక్కలో మంచి క్రిములకంటే ముందు చెడ్డవి కాపురం పెట్టాయి. మొదటి చీజ్ చక్రం మూడు వారాలకు పొట్ట ఉబ్బింది. రెండోది పగిలింది. ఒదిలోన్ ఒక్కో చక్రాన్ని తట్టి, చెవి ఆనించి విని, పక్కకు పెట్టేవాడు. జూలై, ఆగస్టు అలాగే గడిచాయి. సెప్టెంబరులో టూర్నాద్ర్ వచ్చి ఒక చక్రంలో గొట్టపు చాకు గుచ్చి ముక్క తీశాడు. వాసన చూసి చేతిరుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు.

"ఏమైందయ్యా నీకు?"

ఒదిలోన్ తన అరచేతులు చాపి చూపించాడు. "పోయాయి మెస్యే. చేతులు పోయాయి. ముసలితనం."

"ఉప్పు ఎక్కువేశావేమో నాన్నా," అంది లియోనీ ఏడుపు గొంతుతో. "లేకపోతే పాలు సరిగ్గా విరగకముందే తీశావేమో. గుర్తు తెచ్చుకో!"

"అదే అయ్యుంటుంది తల్లీ."

ఒక్క మాట చాలు, నిజం బయటపడేది. కొండ ఎలాగూ పోయేది. కూతురు మాత్రం జన్మంతా ఆ మూడు గంటలనూ మోస్తూ బతికేది. ఆయన లెక్క అదని నేననుకుంటున్నాను. అక్టోబరులో దిగిపోయాం. బురాన్‌కి తాళం కూడా వెయ్యలేదు.

మూడేళ్ళు ఆయన ఇంటి చూరు కింద వాననీళ్ళు పట్టాను. లియోనీకి లోయలో ట్యాంకర్ పాల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. గొట్టాలు కడిగే విభాగంలో ఆమెను మించినవాళ్ళు లేరని అందరూ అనేవారట. తరవాత స్కీయింగ్ వాళ్ళ కోసం కట్టిన కొత్త హోటల్ యజమాని కారులో వచ్చాడు. గుమ్మం ముందు జెరేనియం పూలు పెంచడానికి పాతకాలపు తొట్టి కావాలన్నాడు.

"ఎంత అందంగా ఉంది! ఇందులో చీజ్ చెయ్యడం ఎందుకు మానేశారు తాతగారూ?"

ఒదిలోన్ నోరు తెరిచేలోపే లియోనీ జవాబిచ్చింది, ఎంతో ప్రేమగా, ఆయన భుజం మీద చెయ్యి వేసి.

"నాన్నకి చేతులు సహకరించలేదండీ. ఆ ఆఖరి వేసవి ఏదో పొరపాటు చేశారు. పాపం, ఏం చేశారో ఆయనకే గుర్తులేదు."

ఒదిలోన్ తల ఊపాడు.

"అడుగున ఒక కన్నం పెట్టిస్తే సరిపోతుంది," అన్నాడు హోటలాయన. "నీళ్ళు నిలిస్తే పూలమొక్కల వేళ్ళు కుళ్ళిపోతాయి. మా పనివాడు చేస్తాడులెండి."

"వద్దు," అన్నాడు ఒదిలోన్. లోపలికి వెళ్ళి చెక్కకు కన్నాలు తొలిచే బర్మా తెచ్చుకున్నాడు. నన్ను బోర్లించి, మోకాళ్ళ మధ్య కదలకుండా పట్టుకుని, నా అడుగు పలక మధ్యలో మొన ఆనించి పిడి తిప్పడం మొదలుపెట్టాడు. ఆ చేతులు ఒక్కసారైనా వణకలేదు.