నూనె కలపని చాక్లెట్

నూనె కలిపితే ఫౌంటెన్‌లో పారుతుంది, ఎందుకు పారదు, కానీ నాలుకకి మైనంలా అంటుకునేదాన్ని చాక్లెట్ అనడానికి ప్రీతికి నోరు రాదు, అందుకే క్యాటరింగ్ నడిపే పెదనాన్న సుందర్ రావు తెచ్చిన చవక చాక్లెట్ పలకలను పెట్టెతో సహా బల్ల కిందికి తోసేసి, తను హైదరాబాద్ నుంచి తెప్పించినది, కోకో వెన్న ఎక్కువున్నది, అదే కరిగిస్తోంది, గరిటె ఎత్తితే ధార తెగకుండా జారుతోంది, తెగితే చాక్లెట్ ఫౌంటెన్ పైకి ఎక్కదు, అటు కాజీపేట చర్చిలో పెళ్లి చివరి పాట మొదలైంది, పావుగంటలో మూడొందల మంది ఈ షామియానా కిందికి వచ్చేస్తారు, పొద్దున పెదనాన్న ఏమన్నాడు, ఇది ఆగిందనుకో, రేపటి సంది స్వీట్ల దిక్కు రాకు, ఉల్లిగడ్డలు కోసుకుంట కూసో, మరి పారితే స్వీట్ల స్టాల్ నాది పెదనాన్నా, మల్ల మాట మార్చొద్దు, వంటమనిషి మొగిలమ్మ పకపకా నవ్వింది, పిల్ల గట్టిదే సారూ.

నవ్వనీ, మొన్నటి మరిపెడ రిసెప్షన్‌లో ఎవరూ నవ్వలేదు, చిక్కబడ్డ సేమియా పాయసంలో పోసినట్టే పెదనాన్న చాక్లెట్‌లోనూ గ్లాసెడు వేడిపాలు పోశాడు, చాక్లెట్‌కి తడి పడదు, చూస్తుండగానే ముద్దకట్టింది, మోటారు మూలిగి ఆగింది, పెళ్లివాళ్లు అడిగితే ఆయన వేలు ఎటు తిరిగింది, మా పిల్లకు తెల్వది సార్, కొత్తది, తను తల వంచుకుంది, ఎందుకు వంచుకుంది, ఇదిగో ఇవాళ మళ్లీ వస్తున్నాడు, చేతిలో పొగలు కక్కే పాలగ్లాసు, జర పల్చగ చేద్దాం బిడ్డా, ఫికర్ చెయ్యకు, ప్రీతి చెయ్యి గిన్నెకి అడ్డం పడింది, వద్దు పెదనాన్నా, అరె ఒక్క చుక్కనే, చుక్క కూడ వద్దు, గా పాలు నువ్వే తాగు, నాకే ఎదురు చెప్తాన్నవా, చెప్తాన్న, మొగిలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

కరిగిన చాక్లెట్ ఫౌంటెన్‌లో పోసింది, స్విచ్ నొక్కింది, మోటారు గుర్రుమంది, ఒక అంతస్తు, రెండు, పై గిన్నె నిండి అంచు మీంచి నల్లటి తెర ఎక్కడా చిరగకుండా దిగింది, చర్చి మెట్ల మీంచి పిల్లలు కేకలేస్తూ పరుగెత్తుకొస్తున్నారు, పెదనాన్న గొంతు సవరించుకున్నాడు, సరే తియ్, స్టాల్ నీకే ఇస్తాన్న, ప్రీతికి ఆశ్చర్యంగా సంతోషం పొంగలేదు, ఎందుకో తెలిసింది, అది ఆయన ఇచ్చేది కాదు, గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టినప్పుడే తను తీసేసుకుంది.