పేర్లు దాచిన దిండు గలీబు

నేను ఒక దిండు గలీబుని. అలా చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది, ఎందుకంటే దిండు మీద నేను గడిపిన కాలం బహు తక్కువ. నా బతుకంతా గ్రామఫోను రికార్డుల్ని కడుపులో పెట్టుకుని తిరగడంతోనే గడిచిపోయింది. వాటి మీది పేర్లు ఎవరికీ కనబడకుండా చూడటం నా ఉద్యోగం. ఆ ఉద్యోగం ఎంత గొప్పగా వెలగబెట్టానో చెబుతాను, వినండి.

సికింద్రాబాదు లాలాగూడ రైల్వే క్వార్టర్సు పక్కవీధిలో ఎస్తేరమ్మ కుట్టుమిషను మీద పుట్టాను. తెల్లటి లాంగ్‌క్లాత్ గుడ్డ, ఒక మూల నీలం దారంతో కుట్టిన పువ్వు. నాతోపాటు పుట్టిన కవల ఇప్పటికీ దిండునే అంటిపెట్టుకుని, కొబ్బరినూనె మరకలతో మర్యాదగా కాలం గడుపుతోంది. దాన్ని చూస్తే నాకు అసూయ.

ఎస్తేరమ్మ భర్త జాన్ ప్రకాశం గూడ్సుబండి గార్డుగా పనిచేసి రిటైరైనవాడు. డ్యూటీ లేని రోజుల్లో రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సుల్లో సాక్సోఫోన్ వాయించేవాడు. పళ్లు పోయి కట్టుడు పళ్లు వచ్చాక ఆ వాయిద్యం పెదవికి కుదరలేదు. దాన్ని పెట్టెలో పెట్టేసి, అప్పుడప్పుడు తీసి మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టేవాడు. వాయించడం పోయినవాడికి వినడం మిగిలింది. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో ఒక చిన్న సభ మొదలుపెట్టాడు.

సభ అంటే జనం తండోపతండాలుగా వచ్చేవారని అనుకోకండి. ప్రకాశం, ఎస్తేరమ్మ కాక ఇద్దరే. ఒకరు హైమావతి టీచరు, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి బళ్లో హెడ్‌మిస్ట్రెస్‌గా స్థిరపడినావిడ. రెండోవారు విఠల్‌రావు సారు, కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన ఒంటరి మనిషి. వాళ్ల సరదా ఏమిటంటే, మిగతావాళ్లు అంతకుముందు వినని జాజ్ రికార్డు పెట్టి, అందులో వాయించేది ఎవరో చెవితో పోల్చుకోవడం.

జాజ్ అంటే ఏమిటో నాకు పుట్టుకతో తెలియదు. వినగా వినగా అర్థమైంది ఇది. ఒకే పాటని ప్రతివాడూ తన ఇష్టం వచ్చినట్టు విప్పి, మళ్లీ తన చేతుల్తో కట్టుకుంటాడు. ఆ కట్టుకోవడంలో మనిషి దొరికిపోతాడు. వీధి చివర నడక చూసి వచ్చేది మన వెంకటేశా కాదా అని చెప్పేసినట్టే. అమెరికా పేర్లు ఎస్తేరమ్మకి నోరు తిరగక, ఆవిడే వాళ్లందరికీ పేర్లు పెట్టింది. తాళం వెనకాలే ఈడ్చుకుంటూ వచ్చేవాడు ‘నిద్రమొహం’. స్వరం కంటే ముందు గాలి వినిపించేవాడు ‘పొగబండి’. ప్రతి వరుస చివరా ఒక దెప్పు పొడిచి వదిలేవాడు ‘అత్తగారు’. చివరికి సారుతో సహా అందరూ ఆ పేర్లే వాడేవారు.

ఒక్కో వారం ఒక్కరి వంతు. వంతు వచ్చినవాళ్లు నన్ను ఇంటికి తీసుకెళ్లి, రికార్డుని దాని అట్టలోంచి తీసి, నాలో దూర్చి తెచ్చేవాళ్లు. టీ తాగేటప్పుడు నన్ను ఒకరి ఒళ్లోంచి ఒకరి ఒళ్లోకి పంపేవాళ్లు. దాన్ని ‘బరువు చూడటం’ అనేవాళ్లు. బరువులో ఏం తెలుస్తుంది, ఉత్త వేళాకోళం. ఆ తర్వాత మిగతా ముగ్గురూ కుర్చీలు గోడవైపు తిప్పుకుంటే, తెచ్చినవాళ్లు రికార్డుని బయటికి తీసి తిప్పేవాళ్లు.

ఈ ఆటలో విఠల్‌రావు సారుని మించినవాళ్లు లేరు. నాలుగు ఊపిర్లు వింటే చాలు, కళ్లు మూసుకుని, చేతి కర్రని నేల మీద తట్టి, పేరు చెప్పేవాడు. హైమావతి టీచరు వేరే పేరు అనుకుని కూడా, ఆయన నోరు విప్పగానే తన మాట మింగేసేది. ఆయన చెవి మీద వాళ్లకి అంత నమ్మకం. ఆయనకి కూడా తక్కువేం లేదు.

గుడ్డకి వయసు నడుము దగ్గర తెలుస్తుంది. ఉతుకులకి, రికార్డుల రాపిడికి నా మధ్యభాగం నలిగి నలిగి పలచబడింది. చిరిగిపోయినా బాగుండేది. ఒక్క చిరుగు కనబడితే ఎస్తేరమ్మ నన్ను అవతల పడేసి కొత్త సంచి కుట్టేది. చిరగకుండా, చూడ్డానికి నిండుగా ఉంటూ, లోపల మాత్రం ఉల్లిపొరలా అయిపోయాను. ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది విఠల్‌రావు సారే.

ఒక ఆదివారం బరువు చూస్తున్నట్టు నన్ను ఒళ్లో పెట్టుకుని, రెండు బొటనవేళ్లతో నడుము దగ్గర బిగలాగాడు. రికార్డు మధ్యలో ఉండే గుండ్రటి కాగితం, దాని రంగు, దాని మీది అక్షరాలు నాలోంచి పైకి తేలాయి. ఆయన ఒక్కసారి కిందికి చూసి, నన్ను పక్కవారికి ఇచ్చేశాడు. కాసేపటికి గోడవైపు తిరిగి కూర్చుని, కర్ర తట్టి, “పొగబండి” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బల్ల మీద నేను కుప్పగా పడి ఉన్నాను.

ఎందుకు చేస్తున్నాడో ఆయన వంతు వచ్చిన వారాల్లో వాళ్లింట్లో ఉన్నప్పుడు తెలిసింది. కుక్కరు కూతలు పెడుతున్నా లేచేవాడు కాదు. పప్పు మాడి వాసన వస్తే అప్పుడు పరిగెత్తేవాడు. పాలవాడు తలుపు బాది బాది వెళ్లిపోయేవాడు. ఆయనకి చెవులు పోతున్నాయి. ఊరంతా చెవి గురించే మెచ్చుకునే మనిషి ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు? నాతో మాత్రం చెప్పకుండానే చెప్పాడు, ఆ రెండు బొటనవేళ్లతో. అలా మూడేళ్లు సాగింది. అబద్ధం ఆయనదే, కానీ దానికి కిటికీ నేను. ఆయన్ని పొగిడినప్పుడల్లా నా మూలనున్న నీలం పువ్వుని కూడా దాచుకోవాలనిపించేది.

ఇలా ఉండగా ప్రకాశం వంతు వచ్చింది. ఆయన ఇనప్పెట్టె అడుగునుంచి ఒక రికార్డు తీశాడు. దాని మధ్య కాగితం తెల్లగా ఉంది, ఒక్క అక్షరం లేదు. ఎప్పుడో క్రిస్మస్ డాన్సులో ఆయన వాయించింది ఎవరో టేపు మీద పట్టి, మద్రాసు పంపి, ఒకే ఒక్క రికార్డు చేయించి ఇచ్చారట. తను వాయించినది తనే వినలేక దాన్ని దాచేశాడు. ఎస్తేరమ్మ దాన్ని చూసి ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ల స్నేహంలో విఠల్‌రావు తన వాయింపు గురించి మంచీ చెడూ ఏదీ అనలేదని, తనూ అడగలేదని ప్రకాశం చెప్పాడు.

“పేరు తెలిస్తే దోస్తువని మెచ్చుకుంటడు ఎస్తేరు. తెల్వకుండ ఏమంటడో అదే నిజం. ఒక్కసారి వినాలని ఉంది.”

నన్ను రెండు చేతులా తెరిచి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు ఆ రికార్డుని నాలో పెట్టాడు. నాకు ఏం జరగబోతోందో అప్పుడే తెలిసిపోయింది. గుడ్డకి నోరుండదు కదా.

ఆదివారం విఠల్‌రావు సారు నన్ను బిగలాగి చూశాడు. తెలుపు తప్ప ఏమీ కనబడలేదు. మళ్లీ లాగాడు. నుదుట చెమట పట్టింది. పేరులేని తెల్లకాగితమంటే ఎవడో అనామకుడి రికార్డు అయ్యుంటుందని, తనని బోల్తా కొట్టించడానికి ప్రకాశం ఏ చోర్‌బజార్‌లోనో ఏరుకొచ్చాడని అనుకున్నాడు కాబోలు, ముఖం మళ్లీ నిమ్మళించింది.

రికార్డు తిరిగింది. నేను బల్ల మీంచి విన్నాను. పెద్ద పెద్ద విన్యాసాలేమీ లేవు. మెల్లగా నడిచే పాట, ప్రతి వరుసలోనూ ఆఖరి స్వరం ముందు ఒక్క క్షణం ఆగడం, ఆ తర్వాత దాన్ని వదలడం. హైమావతి టీచరుకి అది నచ్చింది. చివర్లో అలా ఎందుకు ఆగుతున్నాడో గానీ ముచ్చటగా ఉందని సారు వైపు తిరిగి గట్టిగానే అంది. ఆ మాట పట్టుకుని సారు కర్ర తట్టాడు.

“తాళం తప్పి ఆగుతున్నడు టీచర్. పెండ్లి బ్యాండులకెళ్లి తప్పిపోయి వచ్చినట్టున్నడు. ఊపిరి లేదు, ఏం లేదు. గిసుంటిది ఎందుకు పట్టుకొచ్చినవ్ ప్రకాశం?”

టీచరు తన మాట మింగేసి, ఆయనతోపాటు నవ్వింది. సారు చమత్కారాలకి అందరికంటే ముందు నవ్వే ఎస్తేరమ్మ మాత్రం కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. వాయించింది ఎవరని టీచరు అడిగితే, ఎవరో తెలియదని, పేరు లేదని ప్రకాశం చెప్పాడు. రికార్డుని నాలో పెట్టేశాడు. తర్వాతి వంతు విఠల్‌రావుది కాబట్టి నన్ను రికార్డుతో సహా ఆయన చేతిలో పెట్టి, అది కూడా ఉంచేసుకోమన్నాడు. ఆ సాయంత్రం సాక్సోఫోన్ అమ్మేస్తానని భార్యతో అన్నాడట. ఆ సంగతి తర్వాత ఎస్తేరమ్మే బయటపెట్టింది.

ఇంటికి వెళ్లాక సారుకి అన్నం సహించలేదు. ఎస్తేరమ్మ ఎందుకు నవ్వలేదన్నది ఆయన్ని పొడుస్తూనే ఉంది. మర్నాడు పొద్దున రికార్డుని నాలోంచి తీసి, తన పెద్ద చెక్క రేడియోగ్రామ్ మీద పెట్టాడు. ఏదో దూరపు గొణుగుడు తప్ప ఏమీ అందలేదు. తర్వాత ఏమనుకున్నాడో మోకాళ్ల మీద కూర్చుని, ఆ చెక్క అంచుని పళ్లతో కరిచి పట్టుకున్నాడు. ఆయనకి మతి పోయిందనుకున్నాను. కానీ ఒకప్పుడు క్లాసులో పిల్లలకి ఆయనే చూపించేవాడట, శ్రుతిదండం, అదే ట్యూనింగ్ ఫోర్కు, మోగించి కాడ పళ్ల మధ్య పెట్టుకుంటే, చెవులు మూసుకున్నా ఎముకలోంచి వినబడుతుందని. 

రెండో వరుస పూర్తయ్యేసరికి ఆయన పళ్లు వదలకుండానే ఏడవడం మొదలుపెట్టాడు. గార్డు బండి వెనక నిలబడి, జెండా ఊపే ముందు రైలు పొడుగునా ఒకసారి తొంగి చూస్తాడు. ప్రకాశం ఆఖరి స్వరం ముందు అలాగే ఆగేవాడు. ఇన్‌స్టిట్యూట్ డాన్సుల్లో గోడవార కూర్చుని విఠల్‌రావు ఆ ఆగడాన్ని ఎన్నిసార్లు విన్నాడో.

తర్వాతి ఆదివారం ఆయన తెల్లకాగితం రికార్డుని వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టాడు, ఛాయ్ ముట్టుకోలేదు. తన రికార్డు ఒకటి నాలో పెట్టి, అందరి ముందూ నిలబడి, నన్ను రెండు బొటనవేళ్లతో బిగలాగి చూపించాడు. అక్షరాలు అందరికీ కనబడ్డాయి. నా సిగ్గు అంతా ఆ వేళ్ల మధ్య బయటపడింది.

“మూడేండ్ల సంది నాకు సరిగ్గ వినవడ్తలేదు. ఇందులకెళ్లి చూసి చెప్తున్న. ప్రకాశం, ఆ రికార్డు నీది. నేను వినకుండనే నోరు పారేసుకున్న. నువ్వు మంచిగ వాయించినవ్, చాన మంచిగ.”

ప్రకాశం తల ఎత్తకుండానే అడిగాడు.

“చెవులు వినవడని మనిషి మెచ్చుకుంటే నేనేం జేసుకోవాలె, విఠల్?”

నిజమే కదా. తిట్టు పోయింది, దాంతో మెప్పు కూడా పోయింది. సారు వెళ్లి, రికార్డు ప్లేయరున్న టేకు పెట్టె పక్కన, అందరూ చూస్తుండగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. పళ్లతో వింటానని, ఏదైనా పెట్టి పరీక్ష చేయమని అడిగాడు. నవ్వొచ్చే దృశ్యమే గానీ ఎవరికీ నవ్వు రాలేదు. ఎస్తేరమ్మ వచ్చి నన్ను అందుకుని, లోపలి రికార్డు తీసేసింది. నాలుగు మడతలు పెట్టి ఆయన కళ్లకి కట్టింది. ముడి అందీ అందనట్టుగా పడింది.

టీచరు ఒక రికార్డు ఏరి పెట్టింది. సారు చెక్కని కరిచాడు. కాసేపయ్యాక నోరు తీసి “అత్తగారు” అన్నాడు. అది అత్తగారే. ఇంకోటి పెట్టింది. “నిద్రమొహం.” అదీ నిజమే. ఆ తర్వాత ప్రకాశం లేచి, టీచర్ని పక్కకి జరగమని సైగ చేసి, తెల్లకాగితం రికార్డుని తన చేత్తో పెట్టాడు. ఏం పెడుతున్నాడో చెప్పలేదు.

మొదటి వరుస నడిచింది. చివరికొచ్చింది. ఆగింది. సారు పళ్లు చెక్కలోనే ఉన్నాయి, మాట్లాడలేడు. కుడిచెయ్యి మాత్రం పైకి లేచింది, పచ్చజెండా పట్టుకున్నట్టు. గాలిలో అలాగే నిలిచింది. ఆఖరి స్వరం పడిన క్షణాన చెయ్యి కిందికి దిగింది. రెండో వరుసకీ అంతే. మూడో వరుసకి ప్రకాశం చెయ్యి కూడా తనకి తెలియకుండానే లేచింది. ఇద్దరు ముసలివాళ్లూ ఒకేసారి ఆగి, ఒకేసారి దించారు.

నేను తడిసిపోయాను. నాలుగు మడతల్లోంచీ తడి అవతలికి వచ్చింది. దిండు గలీబుగా పుట్టినదానికి అది కొత్తేం కాదంటారు, నాకు మాత్రం అదే మొదలు. ఆ రోజు ఆయనకి నేను ఒక్క వెలుగు రేఖ కూడా కనబడనివ్వలేదు. 

పాట అయిపోయాక ప్రకాశం ఇంకోసారి పెట్టమన్నాడు. ఈసారి తన కుర్చీని గోడవైపు తిప్పుకోలేదు. సాక్సోఫోన్ అమ్మడం గురించి ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు రికార్డులు మోయడానికి ఎస్తేరమ్మ మందపాటి ఖాకీ సంచి కుట్టింది. నన్ను ప్లేయరు పక్కన మేకుకి తగిలించింది. ఆ టేకు పెట్టె అంచున పంటి గాట్లు ఉన్నాయి, వాటి మీద ఎవరూ పాలిష్ పూయనివ్వరు. ఆదివారాలు నన్ను తీసి సారు కళ్లకి కడతారు. కట్టేముందు ఎస్తేరమ్మ నన్ను వెలుగులో పెట్టి ఒకసారి చూస్తుంది, నా నడుము పలచన ఎక్కడుందో వెతుకుతుంది. అప్పుడు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆవిడ ఆ భాగాన్ని లోపలి మడతలోకి నెట్టి, పైన నీలం పువ్వు వచ్చేలా ముడి వేస్తుంది.