ఐదింటి నీళ్ళు

మా ఆయన యోసేపు హమాలీగా పనిచేసే రైస్ మిల్లులో సాయంత్రం ఐదింటికి సైరన్ మోగుతుంది. మిల్లు స్టేషన్ ఘన్‌పూర్ పోయే రోడ్డు మీద ఎక్కడో ఉన్నా, ఆ మోత మాత్రం మా ఇంటి దూలం మీదే కూచుని మోగినట్టు వినిపిస్తుంది. మోగగానే నేను పొయ్యి మీద నీళ్ళ కాగు ఎక్కిస్తాను. ఆయన వచ్చేసరికి వాడకట్టు సగం అన్నాలు తిని పడుకుంటుంది. ఈలోపు నా నీళ్ళు కాగి, పొగలు కక్కి, ఎవరికీ పనికి రాకుండా చల్లారిపోతాయి.

"కట్టెలు ఎక్కువైనయా పిల్లా నీకు?" అని పక్కింటి ఎల్లక్క రోజూ ఎగతాళి చేస్తుంది. ఆమె మొగుడు కొమురయ్య కూడా అదే మిల్లులో హమాలీ. ఆమె మాత్రం మొగుడి చెప్పుల చప్పుడు వినపడ్డాకే పొయ్యి ముట్టిస్తుంది. తెలివైంది. నాకే ఆ తెలివి లేదు.

మిల్లులో పనిచేసిన ఒంటికి వేడినీళ్ళు పడాల్సిందే. వడ్ల దుమ్ము, ఊక నూగు మెడ మడతల్లో చేరి రాత్రంతా దురద పెడతాయి. చన్నీళ్ళు ఎన్ని బిందెలు పోసుకున్నా పోవు. అందుకని మా వాడకట్టులో హమాలీల పెళ్ళాలందరూ మొగుళ్ళకు నీళ్ళు పెట్టి, ఇంటి వెనక తడక చాటున వీపు రుద్దుతారు. సిగ్గు విడిచి చెప్పాలంటే నా కాపురమంతా ఆ వీపుతోనే.

ఎందుకంటే ఎదురుగా కూచుంటే మా ఆయన నోట్లోంచి మాట ఊడిపడదు. "ఆఁ" అంటాడు, "ఊఁ" అంటాడు. అదే వీపు తిప్పి కూచుని, తల మీద నాలుగు చెంబుల వేడినీళ్ళు పడ్డాయా, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. నన్ను మొదటిసారి చర్చిలో చూసినప్పుడు పాట మధ్యలో చప్పట్లు తప్పాడన్న సంగతి నాకు ఆ తడక వెనకే తెలిసింది. బిడ్డ నిలవనప్పుడు ఆయన ఏడ్చిందీ అక్కడే. నీళ్ళు పోస్తున్నాను కాబట్టి ఏడ్చినట్టు నేను చూడలేదని ఇప్పటికీ అనుకుంటున్నాడు. అప్పట్లో ఆయన పొలం పనులకు పోయేవాడు. పొద్దు గూకకముందే ఇంట్లో ఉండేవాడు.

మిల్లులో చేరాక పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పని. వచ్చాక నీళ్ళు పోసుకుంటూ కూచున్నచోటే కునుకు తీస్తాడు. నేను రుద్దుతుంటే వీపు నా చేతికి ఆనుకుని ఒరుగుతుంది. మాట లేదు, ముచ్చట లేదు. సెలవు నెలకు ఒక్కటే, అమాస నాడు. మా దేవుడికి ఆదివారం కావాలి, సేటుకు అమాస కావాలి. ఆ ఇద్దరూ ఎప్పుడు రాజీపడతారో అని చూస్తూ, చర్చికి నేనొక్కదాన్నే పోయి వస్తున్నాను.

పోయిన వానాకాలం చివర్లో లేబర్ ఆఫీసర్ మేడం మిల్లుకు వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలే పని, మధ్యలో గంట ఆగి అన్నం తినాలి, వారానికో సెలవు, ఆపైన పని చేయించుకుంటే మనిషి ఒప్పుకోవాలి, కూలి రెండింతలు ఇవ్వాలి అని సేటుకు గట్టిగా చెప్పిందట. గేటు దగ్గర బోర్డు పెట్టించి, ఏదైనా ఉంటే ఫోన్ చేయమని దాని మీద నంబర్ రాయించింది. సేటు తలూపి, తన వంతుగా సైరన్ కొనుక్కొచ్చాడు.

సైరన్ మోగిన మొదటిరోజు మా ఆయన నిజంగానే ఐదింటికి బయటపడ్డాడు. గోడ మీద ఇంకా ఎండ ఉంది. వాకిట్లో నిలబడి, పొరుగూరి నుంచి వచ్చిన చుట్టంలా ఇల్లంతా చూశాడు. తడక మీదికి పాకిన బీరపాదును చూసి, "గిది ఎప్పుడు పెట్టినవ్?" అన్నాడు.

"కాయలు కాసి, నువ్వు రెండుసార్లు కూర కూడా తిన్నవ్" అన్నాను.

ఆరోజు ఆయన వీపు అటు తిప్పి మాట్లాడుతూనే ఉన్నాడు. మంగలి షాపులో ముచ్చట, లారీ డ్రైవర్ పెంచుకునే చిలక, చిన్నప్పుడు చచ్చిపోయిన వాళ్ళ చెల్లెలు, అన్నీ. కాగులో నీళ్ళయిపోతే మళ్ళీ పెట్టాను. ఆ వారమంతా అట్లాగే గడిచింది. మనిషికి అంతకంటే ఏం కావాలో నాకు తెలియదు.

వారం తిరగగానే కొత్త వడ్లు వచ్చాయి. సైరన్ ఐదింటికే మోగుతోంది, మనుషులు మాత్రం లోపలే ఉంటున్నారు. "లారీ నిలవడ్డది, జర ఎక్కించి పోండ్రి" అంటాడట సేటు. ఒక లారీ పోతే ఇంకోటి. మామూలు బస్తా కూలే తప్ప రెండింతల కూలి ఊసే లేదు, ఒక చాయ్ మాత్రం ఎక్కువ పోయిస్తాడు. అయినా ఐదింటికి ఆ మోత వినగానే నా చేతులు వాటంతట అవే కాగును ఎత్తుతాయి. ఈరోజు వస్తాడేమో అనుకుంటాను. రోజూ అనుకుంటాను.

మొన్నొక పొద్దున, సద్దిగిన్నె కడుతూ అడిగేశాను. "కూత కాంగనే బయటికొస్తే ఎవరు ఆపుతరు నిన్ను?"

"కొమురన్నను ఇడిసి ఎట్ల రావాలె?" అన్నాడు.

మా ఆయనకు, కొమురయ్యకు జోడి. చెరో కొస పట్టి బస్తా లేపి, మోసేవాడి నెత్తికెత్తుతారు. ఒకడు పోతే రెండోవాడి చేతులు ఉత్తవే. అందులో కొమురయ్యకు మోకాలు సరిగ్గా లేదు. మా ఆయన లేకపోతే సేటు ఆయన్ను నిలబెట్టి మాటలంటాడు. నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోతుందా?

"సరే, కొమురన్నతోనే కాపురం చెయ్. ఇయ్యాలటి సంది నేను నీళ్ళు పెట్ట" అన్నాను.

ఆయన సద్దిగిన్నె తీసుకుని, తడక వైపొకసారి చూసి పోయాడు. "పెట్టకు" అన్నా బాగుండేది.

ఆ సాయంత్రం సైరన్ మోగింది. నా చేతులు లేవబోయాయి. వాటిని చీర కొంగులో చుట్టుకుని కూచున్నాను. కాసేపటికి ఉండబట్టలేదు. పొయ్యి చల్లగా ఉంటే ఇల్లు నాది కాదనిపించింది. ఏమైతే అదైంది, గేటు దగ్గర నిలబడి ఆయన్ను పేరుపెట్టి పిలుస్తాను, సేటు ఏం చేస్తాడో చూస్తాను అనుకున్నాను. ఇంటికి తాళం వేసి రోడ్డు పట్టాను. సేటును ఏమేం అనాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. చాలా బాగా వచ్చాయి మాటలు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. లోపల లారీ సగం నిండి ఆగిపోయి ఉంది. దాని చుట్టూ మనిషన్నవాడు లేడు.

"యోసేపును పిలువు" అన్నాను.

"యోసేపు ఏడున్నడు చెల్లె? కూతకే పోయిండు గద! కాలువ గట్టు మీదికెంచి ఉరికినట్టే పోయిండు. వాని ఎనక అందరు పోయిండ్రు."

ఆయన గట్టు మీద వస్తుంటే నేను రోడ్డు మీద పోయాను. ఇన్ని నెలలు ఆ పొయ్యి ముందు కూచున్నదాన్ని, ఆయన వచ్చిన ఒక్కరోజు తాళం వేసి పోయాను. కొంగు బిగించి గట్టు మీదుగా పరిగెత్తాను. పొద్దు నాకంటే వేగంగా దిగుతోంది. ఆగమని దాన్ని తిట్టాను కూడా.

ఇంటికి చేరేసరికి గోడ మీద ఎండ పోయింది. ఆయన గడప ముందు కూచుని మెడ గోక్కుంటున్నాడు. కనుబొమ్మల నిండా దుమ్ము. ఎల్లక్క గోడ మీది నుంచి తొంగిచూసి మొదలుపెట్టింది.

"అప్పటిసంది గిట్లనే కూసున్నడు. మా ఆయనకు నీళ్ళు పెట్టిన, నువ్వు గూడ రెండు చెంబులు పోసుకోరాదు తమ్మీ అంటే ఇనడు. మా ఆమె రావాలె అంటడు."

నేను తాళం తీసి పొయ్యి ముట్టించాను. కట్టెలు తడిగా లేవు, అయినా పొగ కళ్ళలోకి వచ్చింది.

నీళ్ళు కాగేసరికి మసక పడింది. తడక చాటున వీపు తిప్పి కూచున్నాడు. మొదటి చెంబు పోశాను. రెండోది పోశాను. ఆయన అప్పుడు మొదలుపెట్టాడు.

"పగటిపూట కొమురన్నకు చెప్పిన, అన్నా ఇయ్యాల నేను ఉండ అని. ఆయనేమన్నడో ఎర్కేనా? 'నా మోకాలు ఎన్నడో పోదామంటున్నది, నువ్వు నాలుగు పైసల కోసం ఉంటున్నవేమో, నేను లేస్తే నీ పని పోతదని ఆగిన' అన్నడు. నేను ఆయన కోసం, ఆయన నా కోసం. ఒకరినొకరం అడగలే. మేమిద్దరం లేస్తే తతిమ్మావాళ్ళు గూడ లేసిండ్రు."

"సేటు ఏమన్నడు?"

"రేపు గేటుల అడుగు పెట్టొద్దన్నడు. కొమురన్న బోర్డు మీది నంబరుకు ఫోన్ కొట్టిండు. మేడం వస్త అన్నది. ఏమైతదో సూడాలె."

నేను వీపు రుద్దుతున్నాను. గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు నీళ్ళు పెట్టనంటే బుగులైంది రజనీ. ఎంత ఆల్శమైనా నీళ్ళుంటయి, నువ్వుంటవు అనుకున్న. గా ధీమాతోనే ఇంకొక్క బస్తా, ఇంకొక్క బస్తా అని ఉండుకుంట వచ్చిన. ఇయ్యాల బస్తా లేపినప్పుడల్ల మన పొయ్యే యాదికొచ్చింది."

రేపు గేటు తీస్తారో లేదో తెలియదు. ఎల్లుండి నుంచి మళ్ళీ ఆ లారీలేనో, ఇంకో ఊరో, ఇంకో మిల్లో. ఆయన మాత్రం ఇప్పుడు చర్చి సంగతి ఎత్తుకున్నాడు. ఆదివారం వస్తానని, పాటకు ఈసారి చప్పట్లు తప్పనని చెబుతున్నాడు.

కాగులోకి వంగి చూశాను. అడుగున కొంచెమే ఉన్నాయి, మళ్ళీ పెట్టడానికి లేస్తే మాట తెగుతుంది. అప్పటి నుంచి చెంబు నింపడం మానేసి, దోసిలికి సరిపడా ముంచి, సన్నగా పోశాను.