జంగప్ప సుత్తె

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కిష్టప్ప బండల గనిలో సుత్తెలన్నీ ఆగిపోయాయి. మగవాళ్లు బండల నీడకు చేరారు. ఆడవాళ్లు సద్దిమూటలు విప్పారు. అప్పుడు పాత గుంతలోంచి ఒక్క సుత్తె మోగింది. రెండు దెబ్బలు మెల్లగా, మూడోది గట్టిగా.

ఆ గుంతలో పని ఆగిపోయి ఏళ్లయింది. అక్కడ మనిషన్నవాడు లేడు.

చంద్రవ్వ రొట్టె తుంచబోయి ఆగిపోయింది. ఆ వరస ఆమెకు తెలియనిది కాదు. కాపురానికి వచ్చిన నాటినుంచీ మొగుడు బండ కొడుతుంటే విన్నది అదే. చుట్టుపక్కల కూర్చున్నవాళ్లూ విన్నారు. విని, తలలు వంచుకుని మళ్లీ తినసాగారు. ఆమె పక్కన కూతురు మొగులమ్మ మాత్రం బిక్కమొహం వేసుకుని తల్లి కొంగు పట్టుకుంది.

ఆ పిల్ల తండ్రి జంగప్ప మీద బండ జారిపడింది. ముందు రోజే మట్టి చేశారు. మట్టి చేసిన మర్నాడే పెళ్లాం బిడ్డలు పనిలోకి రావాల్సిన చోటు అది. ఏడవడానికి సెలవు కిష్టప్ప తండ్రి కాలంలోనూ లేదు, కిష్టప్ప కాలంలోనూ లేదు.

ఆ గనిలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోతే, మూడోనాడు పిట్టకు పెట్టే రోజున యజమాని వచ్చి ఆ పోయినవాడి సుత్తెను వాడి కడుపున పుట్టినవాళ్ల చేతికిస్తాడు. ఎప్పుడో కరువులో ఏ తాతో గంపెడు జొన్నలు తెచ్చుకుని, ఒళ్లు వంచి తీరుస్తానని మాటిచ్చాడట. ఆ మాట తీరిందో లేదో అడిగిన మగాడు లేడు, చెప్పిన యజమానీ లేడు. సుత్తె పట్టినవాళ్లు ఆ మాట మోయాలి. పట్టకపోతే పోయినవాడు ఆ పాత గుంతలో చేరి వదలడు, కొడుతూనే ఉంటాడు. జంగప్ప తండ్రి కూడా అలాగే కొట్టాడు. జంగప్ప సుత్తె పట్టాకే ఆగాడు. ఎంత చక్కని ఏర్పాటో చూడండి: కిష్టప్పకు గొలుసులు కొనే ఖర్చు లేదు, కాపలావాడి కూడు దండగ లేదు. చచ్చినవాళ్లే బతికినవాళ్లను కాపలా కాస్తున్నారు.

ఇక రేపు పిట్టకు పెట్టే రోజు. జంగప్పకు మొగులమ్మ ఒక్కతే సంతానం.

ఆ పూటే తాండూరు నుంచి బండల కంపెనీ మనిషి వచ్చి ఉన్నాడు. పేరు యోబు. పోలీసు యాక్షన్ అయి నాలుగేళ్లు దాటింది, వెట్టి పోయిందని సర్కారు చాటించింది. కంపెనీ నుంచి బండలు కొని పట్నంలో ఆసుపత్రి కట్టిస్తున్నవాళ్లు ఒకటే పట్టు పట్టారు: వెట్టి చేతులతో తీసిన బండ మా నేలమీద పరచం అని. అందుకని రైలుకు ఎక్కించే ముందు ఏ బండ ఏ గనిదో, అక్కడ ఎవరు ఎలా పని చేస్తున్నారో చూసి రమ్మని కంపెనీ అతన్ని తిప్పుతోంది.

కిష్టప్ప అతనికి మజ్జిగ పోయించాడు, దోసిట్లోనే అనుకోండి. గనంతా చూపించాడు. "కంచె లేదు, తలుపు లేదు. అడుగు, ఎవల్నన్న అడుగు" అన్నాడు.

యోబు అడిగాడు. ఎవరైనా పట్టి ఉంచారా? లేదు. కొడతారా? లేదు. మీ ఇష్టంతోనే చేస్తున్నారా? ఆఁ, మా ఇష్టంతోనే. అందరిదీ ఒకటే మాట. నేర్పిన మాట కాదది, నమ్మిన మాట. చంద్రవ్వ కూడా అదే చెప్పింది. తమను కిష్టప్ప పట్టుకున్నాడని ఆమెకు ఏనాడూ తోచలేదు. యజమాని పట్టుకుంటే తిట్టుకోవచ్చు, సొంత మనిషి పట్టుకుంటే ఎవరిని తిట్టాలి?

యోబు తిరిగి వెళ్లబోతూ ఆ చప్పుడు విన్నాడు. ఆగాడు. చంద్రవ్వ దగ్గరికి వచ్చాడు.

"గాడ ఎవలు కొడుతున్నరక్కా?"

"మా ఇంటాయన."

"నిన్న మన్ను వెట్టిన మనిషి?"

"ఆఁ. రేపు నా బిడ్డ సుత్తె పడితే ఆగుతడు."

"ఎండకు బండలు చిట్లుతున్నయేమో."

"బండ చిట్లితే గట్ల వరస కడ్తదా అన్నా?"

యోబు ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. గనిలో అందరినీ అడిగినా ఎవరినీ అడగని మాట ఒకటి అప్పుడు అడిగాడు.

"పడితే ఆగుతడు, సరే. పట్టకుంట మీరు లేసిపోతే ఏమైతది?"

"ఎట్ల పోతం? ఆయన్ని గా గుంతల ఇడిసిపెట్టి ఎట్ల పోతం?"

యోబు తల పట్టుకున్నాడు. "కంచె గీడున్నదా" అన్నాడు తనలో తాను.

"పిల్లలు లేనోళ్లు గూడ గీడ సచ్చిండ్రు కదక్కా. వాళ్ల సప్పుడు ఎవలన్న విన్నరా?" అని అడిగాడు మళ్లీ.

చంద్రవ్వ ఆలోచించింది. నిజమే, ఎవరూ వినలేదు. కానీ అది ఆమెకు ఊరట కాలేదు. "వాళ్లకు వినేటోళ్లు లేరు. గందుకే" అంది.

అప్పుడు యోబు తన సంగతి చెప్పాడు. "మా నాయన మర్పల్లిల పటేలింట్ల అప్పుకు జీతమున్నడు. ఆయన సచ్చిననాడు పటేలు ములుగర్ర తెచ్చి నా చేతికియ్యవోయిండు. నేను పట్టలే. వికారాబాద్‌ల పాదిరి దగ్గరికి ఉరికిన."

"మరి మీ నాయన?"

"కలల కొస్తడు."

"ఏమంటడు?"

"ఏమనడు. నిలవడి సూస్తడు."

"మరెట్ల బతుకుతున్నవ్?"

"గట్లనే బతుకుతున్న."

మా నాయన రాడు అని అబద్ధం చెప్పి ఉంటే ఆమె నమ్మేది కాదు. ఏ దయ్యమూ లేదు పో, అని ఉంటే లేచి పనిలోకి పోయేది. ఆ మనిషి మోస్తూనే బతుకుతున్నాడు. మోస్తూ బతకవచ్చని ఆమెకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

"రేపు గా సుత్తె నీ బిడ్డ చేతిల పడితే గీ గని బండ మా కంపెనీ కొనది. గంతవరకు నా చేతిల ఉన్నది" అన్నాడు యోబు లేస్తూ. "పట్టకుంట ఆపుడు మాత్రం నా చేతిల లేదక్కా. తాండూరుల మా బండల దొడ్డిల పని ఉన్నది. ఏ దినం కూలి గా దినమే. వద్దనుకున్ననాడు పోవచ్చు."

కిష్టప్పతోనూ అదే మాట చెప్పాడు. కిష్టప్ప నవ్వాడు. "నేనెవల్ని కట్టేసిన? నువ్వు కొనకుంటె ఇంకోడు కొంటడు" అన్నాడు. అన్నాడే గాని, తాండూరు స్టేషన్‌లో అతని బండలు అలాగే పడి ఉన్నాయన్న సంగతి లోపల తొలుస్తూనే ఉంది.

మర్నాడు జంగప్పను మట్టి చేసిన చోట విస్తరి వేశారు. అన్నం, కోడికూర, కాస్త కల్లు పెట్టి అందరూ దూరం జరిగారు. పిట్ట వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాడికి తృప్తి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క.

పిట్ట రాలేదు. చెట్టుమీద కాకులున్నాయి. అరుస్తున్నాయి, కిందికి దిగడం లేదు. ఎండ ఎక్కింది. ఈగలు ముసిరాయి. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అటు పాత గుంతలో మళ్లీ రెండు మెల్లగా, ఒకటి గట్టిగా.

కిష్టప్ప సుత్తె తెప్పించాడు. "సూసిండ్రు కదా. ఆయనకేం కావాల్నో ఆయనే చెప్తున్నడు" అన్నాడు. "నేను బలిమి చేస్తలేను. బిడ్డా, మీ నాయన కోసం పట్టు. పట్టినవంటె ఇప్పుడే పిట్ట ముడ్తది."

మొగులమ్మ చెయ్యి చాచింది. తండ్రంటే దానికి ప్రాణం. ఆయన ఆకలితో ఉన్నాడంటే ఆ పిల్ల నిప్పయినా పట్టుకుంటుంది. చంద్రవ్వ అడ్డం వచ్చింది. మొగుడి మీద ప్రేమ లేక కాదు. ఆయన్ని తలచుకుంటే ఇప్పటికీ గుండె నీరవుతోంది. కానీ ఆ చిన్న చెయ్యి ఆ సుత్తెను ముట్టిందంటే రేపు దాని కడుపున పుట్టేది కూడా ఇక్కడే, ఈ విస్తరి ముందే నిలబడుతుంది.

బిడ్డ చాచిన చెయ్యిని వెనక్కి లాగి తన వీపు వెనక దాచింది. గుంత వైపు తిరిగింది.

"జంగప్పా" అని పిలిచింది.

జనం నోరు తెరిచారు. పెళ్లయిన నాటినుంచీ ఆమె నోట ఆ పేరు రాలేదు. ఏ ఆడది మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది గనక.

"జంగప్పా, నువ్వు గాడనే ఉండు. నాకు తెలుసు, నీకు నిమ్మలమైతలేదు. ఆకలైతున్నది. నన్ను తిట్టుకో, నా కలలకు రా, సచ్చేదాంక రా. నా బిడ్డను మాత్రం నీకియ్య."

కిష్టప్ప చేతిలో సుత్తె అలాగే ఉండిపోయింది. పిట్ట ఆ రోజు రానేలేదు.

తల్లీకూతుళ్లు గని దాటి వచ్చారు. కూతురు దారి పొడుగునా తల్లి కొంగులో మొహం దాచుకుని చప్పుడు లేకుండా ఏడ్చింది. తాండూరు బాట ఎక్కి, గని కనుమరుగయ్యేదాకా చంద్రవ్వ ఏడుపు పళ్ల బిగువున ఆపుకుని నడిచింది. ఏడిస్తే ఆయనకు వినబడుతుందని, వెళ్లిపోతున్నారని తెలిసిపోతుందని ఆమె భయం.