బూడిద రంగు గళ్లు

…అయినా ‘వస్తున్నా అత్తమ్మా’ అనడం అబద్ధమెలా అవుతుంది, చివరికి వెళ్తాను కదా. కేక వినపడగానే ఆ మాట పడేస్తే చాలు, వంటింట్లో గిన్నెల చప్పుడు తగ్గుతుంది. నేను లేచి వెళ్లేది పది నిమిషాల తర్వాత. అంతసేపూ ఆవిడ కోపం ఆగి ఉంటుంది. పెళ్లయిన ఏడేళ్లలో నా అంతట నేను కనిపెట్టుకున్న ఉపాయం ఇదొక్కటే. ఇదే పని ఆఫీసులో జీతమిచ్చి చేయిస్తారని అప్పట్లో తెలియదు.

తెల్లటి ఖాళీ తెర కనిపిస్తే మనిషి విసుక్కుని వెళ్లిపోతాడు. అందుకే అసలు సమాచారం వచ్చేలోపు బూడిద రంగు గళ్లు చూపిస్తాం. ఇక్కడ డాక్టరు ఫొటో, ఇక్కడ పేరు, ఇక్కడ టోకెన్ బటన్. ఏమీ రాలేదు, కానీ వస్తున్నట్టే ఉంటుంది. మనసు ఊరుకుంటుంది. ఆస్పత్రి టోకెన్ల యాప్‌లో ఆ గళ్లు గీసింది నేనే. తొమ్మిది సెకన్ల పేజీ ఒక్క సెకనులో వచ్చినట్టు కనిపిస్తోంది. ఇవాళ పదకొండింటికి మా టీమ్ లీడ్ శ్రీపాద దాన్ని ఆస్పత్రివాళ్లకి చూపిస్తాడు. వాళ్లు సరేనంటే రేపటికి అందరి ఫోన్లలో ఉంటుంది.

పోయిన వారం మా ఇంట్లో పనిచేసే బాలమ్మ మోకాలి నొప్పి సంగతి చెబుతుంటే, ఇంకా బయటికి వదలని ఆ పేజీని ఆమె పాత ఫోన్‌లో తెరిచి ఇచ్చాను, పరీక్షకి. టక్కున వచ్చింది. టోకెన్ బటన్ నొక్కింది. ఏమీ కాలేదు. “ఏందమ్మా, గిది చెవిటిదా?” అంటూ మళ్లీ నొక్కింది, మళ్లీ, మళ్లీ. ఎనిమిది సెకన్ల తర్వాత ఐదు టోకెన్లు ఒకేసారి పడ్డాయి. “నాకున్నయి రెండే మోకాళ్లు గదమ్మా!” అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె వెళ్లగానే కోడ్ తెరిచి చూశాను.

బటన్ బొమ్మ ముందే వచ్చేసింది. దాన్ని పనిచేయించే కోడ్ మాత్రం ఇంకా దిగుతూనే ఉంది. ఆఫీసులో అందరివీ ఖరీదైన ఫోన్లు, అక్కడ ఇది బయటపడదు. టోకెన్‌కి కావలసిన కోడ్ ముందు పంపి, మ్యాపులూ ప్రకటనలూ తర్వాత దించేలా రెండు రోజులు కూర్చుని మార్చాను. బాలమ్మ ఫోన్‌లో రెండు సెకన్లకే బటన్ పలికింది. శ్రీపాదకి చూపిస్తే, “మంచిగ చేసినవ్ వాగ్దేవీ. కానీ దీని టెస్టింగ్‌కు ఇంకో వారం కావాలె. వచ్చే నెల చూద్దాం. మీటింగ్‌ల మాత్రం నువ్వు మాట్లాడకు, నేను చూస్కుంటా” అన్నాడు.

పొద్దున టిఫిన్ తింటూ మా ఆయన గోవింద్ కూడా అదే అన్నాడు. “ఐదు పడితే నాలుగు క్యాన్సిల్ చేస్కుంటరు. గిదానికి గింత ఫికరా? సప్పుడు చేయకుండ కూర్చో. ఆఁ, పదకొండింటికి అమ్మ భజనోళ్లు వస్తరు. చాయ్ నువ్వే పెట్టాలె.”

“మీటింగుంది కదా.”

“కెమెరా బందు పెట్టుకో. ఎవరికి తెలుస్తది? ఇంట్లనే ఉంటవు గదా.”

సరేనన్నాను. ఎవరూ అడక్కుండానే ముఖం మీదికి నవ్వు వచ్చేసింది. చిన్నప్పటినుంచీ ఆ నవ్వు అంత తొందరగానే వస్తుంది. దాని వెనక ఏమీ దిగలేదని ఇంతవరకూ ఎవరికీ అనుమానం రాలేదు. అసలు భయం అది కాదు. ‘నీకేం కావాలి’ అని నన్ను నేను అడిగినప్పుడు కూడా అక్కడ అవే గళ్లు కనిపిస్తాయి, ఒద్దికగా, వరసగా.

పదకొండయింది. పడగ్గదిలో ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్, అందులో మీటింగు. కిందనుంచి లాల్‌దర్వాజా సందులో బండ్ల హారన్లు. శ్రీపాద పేజీ తెరిచి, “చూడండి సర్, ఒక్క సెకన్” అన్నాడు.

“మస్తుంది!” అన్నాడు ఆస్పత్రి మేనేజరు జగదీశ్వర్. “మా పేషెంట్లు జహనుమా, బార్కస్ దిక్కునుంచి మస్తు మంది వస్తరు, చేతుల అన్నీ పాత ఫోన్లే. పొద్దుగాల ఉండేటివే యాభై టోకెన్లు, ఐదు నిమిషాల్ల అయిపోతయి. అందరికీ గిట్లనే వస్తది గదా?”

యాభై. ఒక్కరికి ఐదు పడితే నలుగురు ఇంటికి తిరిగిపోతారు.

“అందరికీ సర్” అన్నాడు శ్రీపాద.

“వాగ్దేవీ! వాళ్లొచ్చిన్రే, చాయ్!” అత్తమ్మ కేక.

అలవాటైన మాట పెదాలదాకా వచ్చింది. పళ్లు బిగించాను. అత్తమ్మ మళ్లీ పిలిచింది, ఈసారి కోపంగా. ఆ కోపాన్ని అలాగే వదిలేశాను. అక్కడ శ్రీపాద, “అయితే రేపు వదిలేద్దాం సర్” అంటున్నాడు.

మైకు తెరిచాను.

“జగదీశ్వర్ గారూ, అందరికీ రాదు సర్.”