మూడు సెంట్లు తగ్గిన ఎకరం

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక ఎకరం నేల అద్దంకి బస్టాండు వెనక ఉన్న సిలారు కొట్టుకి వచ్చి, ఒళ్లు బిగుతైంది, కాస్త వదులు చేసిపెట్టమంటుంది.

మనిషి సన్నం, పొడుగు. తల మాత్రమే కొట్లో పడుతుంది. నడుము బస్టాండులో ఉంది. కాళ్లు ఇంకా పెట్రోలు బంకు దగ్గరే ఉన్నాయి. బస్సులు కందిమొక్కలు విరక్కుండా చూసుకుని ఆమె మీదుగా నెమ్మదిగా పోతున్నాయి.

సిలారు మిషను ఆపుతాడు. ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల జాకెట్లు కుడుతున్నాడు.

"ఆది తెచ్చావా అత్తా?" అంటాడు.

ఆడవాళ్ల ఒంటికి టేపు పెట్టడం అతనికి అలవాటు లేదు. బాగా కుదిరిన పాత జాకెట్టు ఆదిగా తెస్తే, దాన్ని చూసి కుడతాడు. ఎకరం దగ్గర పాతది లేదు. పుట్టినప్పుడు వేసుకున్నదే ఇప్పటికీ ఒంటిమీద ఉందంటుంది.

అయితే కొలత బీబమ్మ తియ్యాలి. సిలారు భార్య ఆమె. కాజాలు, హుక్కులు ఆమె పని. బీబమ్మ పళ్ల మధ్య దారం తెంపి లేచి వస్తుంది. సిలారు గోడవైపు తిరిగి కూర్చుంటాడు. టేపు అరవై అంగుళాలదే. బీబమ్మ నిదానంగా లాగుతుంది కాబట్టి ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా వస్తుంది.

పొడుగు ఫర్లాంగు, సరిగ్గా ఉందంటుంది. వెడల్పు రెండుసార్లు కొలుస్తుంది. తర్వాత అరవై నాలుగు అడుగులంటుంది.

ఉండాల్సింది ఒక గొలుసు. గొలుసంటే సర్వేవాళ్ల కొలత, అరవై ఆరడుగులు. రెండడుగులు తగ్గింది. అంటే వంద సెంట్లలో మూడు సెంట్లు పోయినట్టే. ఇరుపక్కల చేలవాళ్లు ఏటా గట్టు చెక్కుతూ వచ్చారని ఎకరం చెబుతుంది. ఫిర్యాదులా చెప్పదు. తలనొప్పి సంగతి చెప్పినట్టు చెబుతుంది.

పొద్దుగూకేలోపు కొలవడానికి ఆ గొలుసు వస్తుందట. వంద సెంట్లకి తగ్గినవాళ్లని పక్కచేలో కలిపేస్తారట.

"కలిసిపోతే నొప్పేం లేదు నాయనా. ఇన్నేళ్లూ ఎకరం అంటే పలికాను. తొంభై ఏడు సెంట్లూ అని పిలిస్తే మాత్రం నేను పలకలేను" అంటుంది.

టీకొట్టు బల్లమీద ఆనుకుని ఒక పత్తిచేను ఉంది. రెండెకరాలది, ఈమెకి పక్కచేనే. వెంటబడి వచ్చింది. టీ ఊదుకుంటూ, ఈ వయసులో ఫిట్టింగు ఏందక్కా అంటుంది. నాలో కలిస్తే ఇద్దరం కలిసి మూడెకరాలకి దగ్గరవుతాం గదా అంటుంది. ఎకరం అటు చూడదు. కందికాయలు మాత్రం కొంచెం గలగలమంటాయి.

సిలారు ఆలోచిస్తాడు. పోయింది పక్కచేల నుంచి అడిగి తేలేడు. లోపల ఉంటేనే విప్పగలడు. తను కుట్టే ప్రతి జాకెట్టుకీ, గుడ్డ ఎంత తక్కువైనా, పక్కల్లో అంగుళం మడిచి వదులుతాడు. పిల్ల తల్లయ్యాక విప్పుకోవాలి కదా. ఈమెని కుట్టినవాడు వదిలాడో లేదో.

"నిన్నెవరు కుట్టారత్తా?"

"పేరు చెప్పలేదు. ఎండలో మాట్లాడకుండా కుట్టారు."

మాట్లాడకుండా కుట్టారన్న మాట సిలారుకి నచ్చుతుంది. కత్తెర మొనతో ఎడమ గట్టు మొదట్లో గరికవేరు ఒకటి తెంపుతాడు. అదే కుట్టు. వేరు వెంట వేరు తెంపుకుంటూ పెట్రోలు బంకుదాకా మోకాళ్లమీద పోతాడు. గట్టులో ఏమీ కనబడదు. బీబమ్మ ఊపిరి బిగబడుతుంది. ఎకరం బిగబట్టదు.

చివరి వేరు తెగాక గట్టు దానంతట అదే విచ్చుకుంటుంది. లోపల అడుగు వెడల్పున నేల మడతపెట్టి ఉంది. పైనంతా మందులకీ ఎండకీ బూడిదరంగుకి వెలిసింది. మడతలోది మాత్రం కొత్త గొడుగంత నల్లగా ఉంది. అక్కడ ఒక పూరేడుపిట్ట గుడ్లమీద కూర్చుని ఉంది. వెలుతురు పడితే కళ్లు చిట్లించి, మళ్లీ పొదగడంలో పడుతుంది.

కుడి గట్టులోనూ అడుగు ఉంది.

సిలారు లేచి మోకాళ్లు దులుపుకుంటాడు. "పని తెలిసినవాడే" అంటాడు. ఎవరినైనా అతను మెచ్చుకోవడం బీబమ్మ వినడం ఇదే మొదలు.

గొలుసు సాయంత్రం బస్సు దిగి ఒక్కతే వస్తుంది. వెంట మనుషులెవరూ లేరు. ఎకరానికి అడ్డంగా ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పడుకుంటుంది. ఒక్క లింకు మిగల్లేదు, ఒక్క లింకు తగ్గలేదు.

"ఎకరం" అంటుంది గొలుసు.

"ఆఁ" అని పలుకుతుంది ఎకరం. ఆ పలుకు బస్టాండంతా వినబడుతుంది.

పత్తిచేను టీ గ్లాసు కింద పెట్టి, తనకీ కొలత తీస్తావా అని బీబమ్మని మెల్లిగా అడుగుతుంది. ఆది తెచ్చుకోమంటుంది బీబమ్మ.

ఇక పడుకోవడానికి ఎకరానికి మనసు రాదు. గొలుసు వెడల్పున కాలూనుకుని లేచి నిలబడుతుంది. ఫర్లాంగు ఎత్తున ఆకాశంలోకి నిలబడుతుంది. కంది అడ్డంగా ఊగుతోంది. పూరేడు గుడ్లు జారవు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తలలెత్తి, ఎవరి చేతి పని ఇది అని అడుగుతున్నారు.

"నాదే" అంటాడు సిలారు. విప్పిన మడత వంక చూసి, "సగం ఇంకొకాయనది" అంటాడు.

ఎకరం నీడ ఊరు దాటి, గుండ్లకమ్మ ఏరు దాటి అవతల పడుతుంది. అక్కడ సెంటు నేల కూడా లేనివాళ్లు బయటికొచ్చి, నీడలో చెయ్యిపెట్టి నలిపి చూసుకుని, ఎడ్లని కడతారు. దున్నుతున్న చోటల్లా నల్లటి మొలకలు లేస్తున్నాయి. పొద్దు దిగేకొద్దీ ఆ నీడ చేను పొడుగవుతోంది. సాలు చివర ఎప్పటికప్పుడు ముందుకి జరిగిపోతుంటే, వెనక్కి తిరిగే చోటు రాక, ఎడ్లు అలా తిన్నగా దున్నుకుంటూ సముద్రం మీదికి పోతున్నాయి.